ఈ లెక్క ఎవరిది?

మా కదిరి పక్క డబ్బును దుడ్డు అంటారు, లెక్క అని కూడా అంటారు. "లెక్క చేతిలో లేదప్పా" అంటే డబ్బులకు కటకటగా ఉందని. "లెక్క కలిగినోడు" అంటే ఉన్నవాడని. చిన్నప్పుడు నన్ను అంగడికి పంపుతూ మా అవ్వ కొంగుముడి విప్పి, "లెక్క జాగ్రత్త నాయనా" అనేది. నేను పిడికిలి బిగించి పరుగెత్తేవాణ్ణి. లోపలున్నవి నాణేలే. వాటి పేరు మాత్రం మా ఇంట్లో లెక్క. చాలా ఏళ్ల తర్వాత గుంటూరు వైపు పనిచేసినప్పుడు, "నెలాఖరు కదా, లెక్క లేదు" అంటే అక్కడి మిత్రులు "ఏ లెక్క? ఎక్కాల లెక్కా?" అని అడిగేవాళ్లు. వాళ్లకు విడమరిచి చెప్పాల్సి వచ్చేది.

దుడ్డు ఒకప్పటి రాగి నాణెం పేరు. డబ్బు కూడా అంతే. ఆ నాణేలు పోయి ఎన్ని తరాలైందో, పేర్లు మాత్రం నోటిలో మిగిలిపోయాయి. లెక్క అనే మాట వెనక ఏ లోహమూ లేదు. లెక్క అంటే లెక్కే, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో గుర్తుపెట్టుకునే పద్దు. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పద్దులు రాసి బయటికొచ్చాక నాకు ఒక సంగతి రూఢి అయింది. డబ్బుకు మనవాళ్లు పెట్టిన పేర్లన్నిటిలోకీ దాని అసలు స్వరూపాన్ని పట్టుకున్నది మా పక్క మాటే.

ఇది తెలియడానికి నాకు ఒక పెద్దాయన కారణం. ఆయన అడిగిన రెండు ప్రశ్నలకు ఆ రోజుల్లో నేను తప్పు జవాబులు చెప్పాను.

అది 1986. మృగశిర కార్తె చివరి రోజులు. రెండు పదునుల వాన పడింది. ఎర్రనేలలు తడిసి, ఊరంతా కమ్మటి మట్టివాసన. చెనక్కాయ విత్తే అదును. బ్యాంకు వరండాలో కాలు పెట్టే సందు లేదు. కొత్తగా చేరిన గుమాస్తాని, పంట అప్పుల కౌంటరు నాది. తనకల్లు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడంగలు కాగితం, పాసుపుస్తకం ఇచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. మేనేజరుగారు 8,000 మంజూరు చేశారు. నేను ప్రామిసరీ నోటు ముందు పెట్టి, ఇంకుప్యాడు జరిపి, ఆయన బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించాను. కొడవలి పట్టి కాయకట్టిన వేలు. ముద్రలో గీతలు సరిగా పడక రెండోసారి వేయించాల్సి వచ్చింది.

అప్పుడడిగాడు. "సార్, ఈ లెక్క ఎవురిది?"

నాకు అర్థం కాలేదు.

"ఎవురో దాచుకున్నోళ్ల లెక్కే గదా మాకిస్తాండేది? మాకిచ్చేస్తే వాళ్లకి తక్కువ పడదా?"

"పడదు పెద్దాయనా. వాళ్లందరూ ఒకేసారి వచ్చి అడగరు. వాళ్లు దాచుకున్నదే మీకిస్తాం, మీరు తీరిస్తే వాళ్లకిస్తాం" అన్నాను. శిక్షణలో నాకు చెప్పిందీ అదే. వంద రూపాయలు డిపాజిట్ వస్తే కొంత అట్టిపెట్టుకుని మిగతాది అప్పిస్తాం, అది మరో బ్యాంకులో డిపాజిట్ అవుతుంది, అందులోంచి మళ్లీ కొంత అప్పు వెళుతుంది, అలా మెట్లు దిగుతుంది. ఆయన తల ఊపాడు. ఎదుటివాళ్ల సొత్తు చేతిలోకి తీసుకుంటున్న బెరుకు ఆ ముఖంలో కనిపించింది.

ఆ మధ్యాహ్నం నా చేతులు చేసిన పని వేరు. ఆ పని నా జవాబును అక్కడికక్కడే కాదంటోంది. నేనే గమనించలేదు.

రెండు చీటీలు రాశాను. ఒకటి డెబిట్ వోచరు: పెద్దాయన పంట అప్పు ఖాతాలో 8,000 ఖర్చు. రెండోది క్రెడిట్ వోచరు: అదే పెద్దాయన పొదుపు ఖాతాలో 8,000 జమ. లెడ్జర్లు రెండు తీసి ఆయన పుటలు రెండు తిప్పి, ఒకదాంట్లో బాకీ రాశాను, ఇంకోదాంట్లో నిల్వ రాశాను. అంతే. ఆ పని చేసేటప్పుడు నేను ఇనప్పెట్టె వైపు పోలేదు. ఇంకెవరి పుటా తెరవలేదు. ఏ టీచరమ్మ పొదుపులోంచీ, ఏ కిరాణా వ్యాపారి ఖాతాలోంచీ ఒక్క పైసా తగ్గించలేదు. సాయంత్రం జనరల్ లెడ్జరు టాలీ చేసినప్పుడు ఎడమవైపు, అంటే బ్యాంకు ఇతరులకు ఇవ్వవలసిన వైపు, 8,000 పెరిగింది. కుడివైపు, అంటే ఇతరులు బ్యాంకుకు ఇవ్వవలసిన వైపు, అదే 8,000 పెరిగింది. రెండు వైపులా సరిపోయింది. పెన్ను మూత పెట్టి ఇంటికి పోయాను.

పొద్దున ఈ లోకంలో లేని ఎనిమిది వేల రూపాయలు సాయంత్రానికి ఉన్నాయి. వాటిని రాసింది నేను.

బ్యాంకు ఆస్తి అప్పుల పట్టీ చదవడం అలవాటు లేనివాళ్లకు ఇక్కడ ఒక తిరకాసు ఎదురవుతుంది. అద్దంలో కుడి ఎడమైనట్టు, మన అప్పు బ్యాంకుకు ఆస్తి, మన డబ్బు బ్యాంకుకు అప్పు. పాసుపుస్తకంలో నిల్వ 8,000 అని ఉంటే, "నేను నీకు ఎనిమిది వేలు బాకీ" అని బ్యాంకు రాసిచ్చినట్టు. ఆ బాకీనే మనం డబ్బు అంటున్నాం. దాన్నే చెక్కు రాసి ఇస్తున్నాం, ఫోన్లో నొక్కి పంపుతున్నాం. దేశంలో జనం దగ్గరున్న డబ్బంతా కలిపి చూస్తే, ఏడెనిమిది రూపాయల్లో సుమారుగా ఒక్కటే నోట్ల రూపంలో ఉంటుంది. మిగతాదంతా ఏదో ఒక బ్యాంకు పట్టీలో ఎడమవైపు రాసిన అంకె. మా అవ్వ మాటలో చెప్పాలంటే, లెక్క.

మర్నాడు పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఇత్తడి టోకెను పట్టుకుని వరుసలో నిలబడి 3,000 రొక్కం తీసుకున్నాడు. విత్తనానికీ ఎరువుకీ అంగడివాడికి 4,000 చెల్లించాడు. ఆ అంగడివాడి ఖాతా మరో బ్యాంకులో ఉంది. కాబట్టి మా బ్యాంకు ఆ నాలుగు వేలూ ఆ బ్యాంకుకు నిజంగానే అప్పజెప్పుకోవాలి. ఆయన ఖాతాలో 1,000 మిగిలింది. మా పట్టీలో ఇప్పుడు కుడివైపు అప్పు 8,000 అలాగే ఉంది, చేతిలో రొక్కం 3,000 తగ్గింది, బయట మాకున్న నిల్వ 4,000 తగ్గింది. ఎడమవైపు ఆయన డిపాజిట్ 1,000. మళ్లీ సరిపోయింది.

బ్యాంకు డబ్బు పుట్టిస్తుంది అంటే, మరి ఎంతైనా పుట్టించుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నకు ఈ నాలుగు వేలే జవాబు. పుట్టించిన లెక్క పుట్టినచోట నిలవదు, కాళ్లొచ్చి పక్క బ్యాంకుకు నడుస్తుంది. అది నడిచినప్పుడల్లా మనం పుట్టించలేనిది ఇవ్వాల్సివస్తుంది: రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిల్వ గానీ, రిజర్వు బ్యాంకు అచ్చువేసిన నోటు గానీ. అందుకే డిపాజిట్లు కావాలి, రిజర్వు బ్యాంకు దగ్గర కొంత వంతు ఉంచాలి. పైగా అప్పుల రిస్కును తూచి, ఆ తూకంలో ప్రతి 100 రూపాయలకూ కనీసం 9 రూపాయల సొంత మూలధనం ఉండాలని మన దేశంలో నిబంధన. వీటన్నిటికంటే ముందు, తీర్చగల మనిషి ఒకడు ఎదురుగా వచ్చి నిలబడాలి. అతను లేకపోతే పెన్ను కదలదు.

నేను చెప్పిన తప్పు జవాబు నా ఒక్కడిదే అయ్యుంటే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. అది చాలా పాఠ్యపుస్తకాల్లో ఉన్న జవాబు. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన త్రైమాసిక పత్రికలో ఈ సంగతి తేటగా రాసింది. బ్యాంకులు ముందు డిపాజిట్లు పోగుచేసి తర్వాత అప్పులివ్వడం లేదు, అప్పు ఇవ్వడంలోనే డిపాజిట్ పుడుతోంది అని. అంతకు కొన్ని నెలల ముందు, 2013 ఆగస్టులో, రిచర్డ్ వెర్నర్ అనే ఆర్థికవేత్త జర్మనీలోని బవేరియాలో విల్డెన్‌బెర్గ్ అనే చిన్న ఊళ్లోని సహకార బ్యాంకుకు వెళ్లాడు. తన పేరు మీద రెండు లక్షల యూరోల అప్పు తీసుకున్నాడు. ఆ పూట బ్యాంకు పుస్తకాల్లో ఏ అంకె ఎలా మారిందో ఆ ఊరి బ్యాంకువాళ్ల సమ్మతితోనే పరిశీలించాడు. ఆ సొమ్ము ఇంకో ఖాతా నుంచి వచ్చిన జాడ లేదు. అప్పు పెరిగింది, డిపాజిట్ పెరిగింది. 2014లో ఆ ఫలితాలను ప్రచురించాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో బవేరియా పల్లెలో ఒక ప్రొఫెసరు ప్రయోగం చేసి రుజువు చేసిన సంగతిని, కదిరిలో నా వేళ్లు రోజుకు ముప్పైసార్లు చేశాయి.

ఆలోచిస్తే తెలుగుకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. "ఊరంతా తిరిగినా అప్పు పుట్టలేదు" అంటాం. "అప్పు ఎక్కడ పుట్టింది?" అని అడుగుతాం. ఎన్నిసార్లు అన్నామో, పుట్టడం అనే మాటను ఎప్పుడైనా ఆగి చూశామా? దాచిపెట్టినది అయితే తీసి ఇస్తాం. పుట్టేది మాత్రం ఇద్దరు మనుషుల మధ్య, ఒకరు నమ్మి మరొకరు మాటిచ్చినప్పుడు పుడుతుంది. అంతకు ముందు అది ఎక్కడా ఉండదు.

ఆ సంవత్సరం వాన మాట తప్పలేదు. ఊడలు దిగే అదునులో పడాల్సిన వాన పడింది. కార్తీకంలో చెనక్కాయ పీకి, కాయ కొట్టి, ఎండబెట్టి, మండీకి తోలారు. ఒక రోజు పెద్దాయన తువ్వాలులో మూట కట్టుకుని వచ్చాడు. ముడి విప్పితే నోట్లకు మట్టి. అసలు, వడ్డీ లెక్కకట్టి చెప్పాను. క్యాషియరు నోట్లు ఎంచి లోపల పెట్టాడు. నేను అప్పు ఖాతా పుట తీసి జమ రాసి, నిల్వ సున్నా చేసి, ఎర్ర సిరాతో కింద రెండు గీతలు గీశాను. ప్రామిసరీ నోటు మీద చెల్లు ముద్ర వేసి ఆయన చేతికిచ్చాను. దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, తన వేలిముద్రను గుర్తుపట్టి నవ్వాడు.

"అయితే సార్, ఇప్పుడా లెక్క యాడికి పోయె?"

"లోపల బీరువాలోకి పెద్దాయనా" అన్నాను.

అదీ తప్పే. పెట్టెలోకి పోయినవి కాగితాలు. జనం దగ్గర డబ్బు ఎంతుందో రిజర్వు బ్యాంకు పదిహేను రోజులకోసారి లెక్క చెబుతుంది. ఆ మొత్తంలో బ్యాంకుల ఇనప్పెట్టెల్లో ఉన్న నోట్లు కలపరు. క్యాషియరు చేతికి అందిన క్షణంలోనే ఆ నోటు డబ్బుల లెక్కలోంచి తప్పుకుంది. ఆయన నోట్లకు బదులు తన పొదుపు ఖాతాలోంచే తీర్చి ఉంటే ఇంకా స్పష్టంగా కనిపించేది: ఎడమవైపు డిపాజిట్ తగ్గుతుంది, కుడివైపు అప్పు తగ్గుతుంది. జూన్‌లో రెండు వైపులా పుట్టినది నవంబరులో రెండు వైపులా పోయింది. ఎక్కడికీ పోలేదు, లేకుండా పోయింది.

దీనికీ తెలుగులో మాట ఉంది. చెల్లు. బాకీ చెల్లింది అంటాం. నోటు చెల్లుతుంది అంటాం. కాలం చెల్లింది, నూకలు చెల్లాయి అని మనిషి పోయినప్పుడు అంటాం. డబ్బు డబ్బుగా నడవడానికీ, అప్పు తీరడానికీ, బతుకు ముగియడానికీ ఒకటే మాట పెట్టుకున్న భాష మనది. డబ్బు పుట్టిన పని చెల్లడానికే అన్నట్టుంది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నప్పుడు కదిరి బజారులో జనం కాగితాలు పట్టుకుని బ్యాంకుల ముందు వరసలు కట్టారు. కాగితం చెల్లడం మానేసింది గానీ, ఖాతాలోకి ఎక్కిన లెక్క చెల్లుతూనే ఉంది. రెండింటిలో ఏది గట్టిదని అప్పటిదాకా అనుకున్నామో, అది కాదని ఆ వరసలో నిలబడ్డవాళ్లకు తెలిసొచ్చింది.

వడ్డీ సంగతి నన్ను ఇంకో రకంగా కదిలించింది. బ్యాంకు రాసింది 8,000. వెనక్కి అడిగింది అంతకంటే ఎక్కువ. ఆ పైది ఎక్కడ పుట్టాలి? కట్టిన వడ్డీ ఆయన దగ్గర్నుంచి బ్యాంకు ఆదాయంలోకి వస్తుంది, ఆ మేరకు జనం దగ్గరి డబ్బు తగ్గుతుంది. నెలాఖరున ఆ ఆదాయంలోంచి నా జీతం నా ఖాతాలో జమ అవుతుంది. అంటే అంత డబ్బు మళ్లీ ఊళ్లోకి వస్తుంది. నేను ఆ జీతంతో అంగట్లో నూనె కొంటాను. ఆ నూనె పెద్దాయన పొలంలో పండిన కాయలదే కావచ్చు. నా పిల్లల చదువు, మా ఇంటి కప్పు, నా కళ్లద్దాలు అన్నీ అలాంటి ముద్రలు సరిగా పడని బొటనవేళ్ల మీదుగా వచ్చినవే. పట్టీలో వడ్డీ అని ఒక్క గీతలో కనిపించే అంకె వెనక ఇంత రుణం ఉంది. అది నేను తీర్చింది కాదు.

కదిరికి దగ్గర్లోనే, గాండ్లపెంట దారిలో, కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. వేమన తొలిరోజుల్లో ఇనుమును బంగారం చేసే పరుసవేది కోసం తిరిగాడని, దాన్ని సాధించి మరీ వదిలేశాడని మా పక్క కథ చెబుతారు. అక్కడికి పోయినప్పుడల్లా నాకు బ్యాంకు గుర్తొచ్చేది. పెన్నుతో రెండు చోట్ల గీసి డబ్బు పుట్టించడం పరుసవేదిలాగే అనిపిస్తుంది. శూన్యంలోంచి డబ్బు తీస్తారని కొందరు కోపంగా అంటారు కూడా. ఆ మాట నాకు పూర్తిగా ఒప్పదు. మా బీరువాలో కుదువ బంగారం సంచులు వరుసగా ఉండేవి, ఒక్కో సంచికీ ఒక చీటీ. ఎవరి తాళిబొట్టు గొలుసో, ఎవరి కమ్మలో. ఆ బంగారమంతా పెట్టెలో ఉన్నా, బ్యాంకు ఆస్తుల పట్టీలో ఒక్క కాసు కూడా ఎక్కదు. అది కుదువ పెట్టినవాళ్ల సొత్తు. పట్టీలో ఆస్తిగా ఎక్కేది "తీరుస్తాను" అని వాళ్లిచ్చిన మాట. బరువున్న బంగారం లెక్కలోకి రాదు, కంటికి కనిపించని మాట లెక్కలోకి వస్తుంది. శూన్యం అని దేన్ని అంటున్నారో అందులో రెండు ఎకరాల ఎర్రనేల, ఒక జత ఎద్దులు, ఒక ఆడమనిషి బోసి మెడ, మొగులు కోసం చూసే ఇంటిల్లిపాది ఉన్నారు.

వాన మాట తప్పిన ఏళ్లు ఎక్కువ. కదిరి సీమకు అది కొత్త కాదు. విత్తనం భూమిలోనే మాడిపోయిన ఏడాది ఈ లెక్క వేరే దారి పడుతుంది. అప్పుగా పుట్టిన డబ్బు అప్పటికే విత్తనాల అంగడివాడికీ, ట్రాక్టరువాడికీ, కూలీలకూ వెళ్లిపోయింది. అది చావదు, ఊళ్లో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని చెల్లగొట్టాల్సిన బాకీ మాత్రం పొలంగల మనిషి దగ్గర ఆగిపోతుంది. జోడుగా పుట్టిన రెండింటిలో ఒకటి ఊరిదైపోయింది, ఒకటి అతనిదైపోయింది. రెండు పంటకాలాలు దాటినా తీరకపోతే పంట అప్పును రాని బాకీల జాబితాలో వేయాలని నిబంధన. చివరికి కొట్టేస్తే, కుడివైపు అప్పు పోతుంది, ఎడమవైపు బ్యాంకు సొంత మూలధనం అంత కోసుకుపోతుంది. ఊళ్లో ఉన్న డిపాజిట్లు చెక్కుచెదరవు. 2008లో కేంద్రం, 2014 తర్వాత మన రాష్ట్రం రుణమాఫీ చేసినప్పుడు కూడా బాకీలు గాలిలో కలిసిపోలేదు. తీర్చే చెయ్యి మారింది. రైతు బదులు ఖజానా కట్టింది.

అప్పు తీరడానికీ, రాని బాకీ కావడానికీ నడుమ ఒక దారి ఉంది, అది తలచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టుకుంటుంది. గడువులోగా పాత అప్పు కడితేనే వడ్డీ రాయితీ, కొత్త అప్పు. కట్టడానికి చేతిలో లేదు. నేనెరిగిన ఒక బ్యాంకు గుమ్మం దగ్గర ఆ రోజుల్లో ఒక్కరోజు అప్పు ఇచ్చేవాళ్లు నిలబడేవాళ్లు. పొద్దున పదకొండింటికి రైతు వాళ్ల దగ్గర నోట్ల కట్ట తీసుకుని లోపలికొచ్చి పాత అప్పు కట్టేవాడు. చెల్లు. మధ్యాహ్నం మూడింటికి, ఒక్కోసారి మర్నాడు, కొత్త అప్పు పుట్టేది. అదే కట్ట బయటికొచ్చి గుమ్మంలో ఉన్నవాడి చేతిలో పడేది. నడుమ గంటలకు వాడి వడ్డీ వాడు కోసుకునేవాడు. అసలుకు పాత వడ్డీ, గుమ్మం వడ్డీ కలిసి కొత్త అప్పు పాతదానికంటే కాస్త పెద్దదయ్యేది. పద్దులో ఆ పూట ఒక అప్పు నిఖార్సుగా తీరింది, ఒక అప్పు నిఖార్సుగా పుట్టింది. రెండు వైపులా సరిపోయింది. ఒక్క చెనక్కాయ పండలేదు, ఒక్క గింజ అమ్ముడుపోలేదు. డబ్బు చచ్చి పుట్టిన ఆ నాలుగు గంటల్లో మనిషి ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు, ఇంకొంచెం లోతున.

పట్టీ అబద్ధం చెప్పదు. ఎంతో అంతే చెబుతుంది. పుట్టిన డబ్బు ఏ పనికి పుట్టింది, చచ్చిన డబ్బు పంటతో చచ్చిందా మరో అప్పుతో చచ్చిందా అనేది చెప్పే గడి మాత్రం అందులో లేదు. నా ఉద్యోగమంతటిలో నన్ను బాధపెట్టిన లోటు ఇదొక్కటే. పెన్ను పట్టుకున్నవాడు ఆ గడిని తన మనసులో గీసుకోవాలి. ఎవరి పేరు మీద డబ్బు పుట్టనిస్తున్నాం, ఎవరికి "పుట్టదు పో" అంటున్నాం, ఆ డబ్బు బతికిన నాలుగైదు నెలల్లో నేలకూ నోటికీ ఏం చేసింది అని చూసుకోవాలి. మార్చి నెలలో వార్షిక లెక్కలు ముగించే రోజుల్లోనే మా ఊళ్లో ఖాద్రీ నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు వస్తాయి. తేరు కదిలేటప్పుడు జనం దవనం, మిరియాలు దాని మీదికి విసురుతారు. రాత్రి పద్దులు సరిచూస్తూ కిటికీలోంచి ఆ కోలాహలం వినేవాణ్ణి. మిరియాలు విసిరే చేతుల్లో నా లెడ్జరు పుటల మనుషులే ఉండేవాళ్లు. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఈ ఏడు ఇతనికి ఎలా గడిచిందో అనుకునేవాణ్ణి. టాలీ ఆలస్యమయ్యేది.

ఇప్పుడు లెడ్జర్లు లేవు. ఇత్తడి టోకెన్లూ లేవు. బోర్డులు కూడా మారాయి. మా పక్క 1979లో పుట్టిన శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. 2025 మే 1 నుంచి రాష్ట్రంలోని గ్రామీణ బ్యాంకులన్నీ ఒక్కటై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. జనం పాసుపుస్తకంలో నిల్వ మాత్రం రూపాయి అటూ ఇటూ కాలేదు. ఒకరిచ్చిన మాటను మరొకరు నెత్తిన వేసుకున్నారు. లెక్కకు ఆయుష్షు ఉండేది ఆ నెత్తిన వేసుకోవడంలోనే.

పెద్దాయన ఇప్పుడు లేడు. ఉంటే ఆయన రెండు ప్రశ్నలకూ మళ్లీ జవాబు చెప్పేవాణ్ణి. ఆ లెక్క ఎవరిదీ కాదు పెద్దాయనా, ఎవరి దగ్గరా తగ్గించి తెచ్చింది కాదు, నువ్వు బెదరాల్సిన పని లేదు. నువ్వు తీరుస్తానన్నావు, మేం నమ్మాం, అప్పుడు పుట్టింది. నువ్వు తీర్చావు, అప్పుడు చెల్లిపోయింది. నడుమ ఐదు నెలలు అది నీ చేనులో ఉంది.

పోయిన జూన్‌లో పాసుపుస్తకంలో పద్దులు వేయించుకుందామని బ్యాంకుకు పోయాను. వరండాలో నా పక్కన ఒక కుర్రవాడు కూర్చున్నాడు, పాతికేళ్లుంటాయి, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. అతని ఫోను మోగింది. ఖాతాలో సొమ్ము జమ అయిందని సందేశం. లోపల ఎవరో ఒక మీట నొక్కారు, పట్టీ రెండు వైపులా కొంచెం పెరిగింది. అతను ఆ అంకెను ఒకసారి చూసుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకుని వరండా చివరికి నడిచి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూశాడు.

నేనూ లేచి వెళ్లి అతని పక్కన నిలబడి చూశాను. పడమర దిక్కున చిన్న మొగులు ఉంది.